మనుషుల ముద్ర

పొద్దున్నే లాండ్రీ షెడ్డు తలుపు తియ్యగానే ఆవిరి ముఖాన కొడుతుంది. డ్రైవరమ్మకి అది అలవాటే. ముఖం తుడుచుకుని, ఇస్త్రీ బల్లల మధ్య పక్కవాటుగా నడుచుకుంటూ పోయి, ఇంకా వేడి తగ్గని దుప్పట్ల మూటలు వ్యాన్‌లోకి ఎక్కిస్తుంది. ఆస్పత్రి దుప్పట్లు లోపలికి, హోటలు తువ్వాళ్లు తలుపు దగ్గరికి, డాక్టర్ల కోట్లు పైన తగిలించి. మూటలు మోయడానికి ఒక ముసలాయన ఉన్నాడు. ఆయన్ని అందరూ బస్తా అంటారు. మోసేది బస్తాలని కాదు, వ్యాన్ ఎక్కాక ఆయన బస్తాలాగే పడి ఉంటాడని.

వ్యాన్ వీధి మలుపు తిరిగేలోపే బస్తా తల కిటికీకి ఆనుతుంది. నోరు తెరుచుకుంటుంది. ఆస్పత్రి వెనక గేటు దగ్గర ఇంజన్ ఆగేదాకా మరి ఈ లోకంలో ఉండడు. ఇంజన్ ఆగగానే డ్రైవరమ్మ అంటుంది, "లే బాబాయ్, వచ్చేశాం."

"వచ్చేశామా? బాగా పట్టేసిందమ్మా," అంటాడు బస్తా కళ్లు నులుముకుంటూ. రోజూ అదే మాట, రోజూ అదే ఆశ్చర్యం.

ఆయన బద్ధకస్తుడని అనుకునేరు. కాదు. ఆమె నడిపే బండి ఎక్కితే ఎవరైనా నిద్రపోవాల్సిందే. ఫలానా వాళ్ల కొళాయిలో నీళ్లు సన్నగా వస్తాయని తెలిసినట్టు, ఈ సంగతి కూడా ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఆమెకి డ్రైవింగ్ నేర్పిన మాస్టారు మొదటి రోజు బ్రేకు చూపించి, క్లచ్ చూపించి, గురక పెట్టాడు. మిగతాదంతా ఆమె సొంతంగా నేర్చుకున్నదే. పళ్లొచ్చే పిల్లలు రాత్రంతా ఏడిస్తే తల్లులు తెల్లారి ఎత్తుకొచ్చి, "వీధి చివరిదాకా తిప్పి ఇవ్వమ్మా, పుణ్యముంటుంది," అని పక్క సీట్లో పెట్టేవాళ్లు. పంటి నొప్పితో ఉన్న టైలరు ఒకసారి అడక్కుండానే ఎక్కి కూర్చున్నాడు. అందరూ నిద్రపోతారు, ఇంజన్ ఆగగానే లేస్తారు. స్టీరింగ్ ముందు మేలుకుని ఉండేది మాత్రం ఆమె ఒక్కతే.

డ్రైవరమ్మకి ఉన్నది అక్క ఒక్కతే. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది ఆ అక్కే. అదే లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి నిలబడి, కాళ్ల వాపులు నిలబడ్డందుకే అనుకుని, పట్టించుకోలేదు. చివరికి డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. ఇప్పుడు రోజు విడిచి రోజు మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్లి, మెషిన్ పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకుని రావాలి. వెళ్లకపోతే బతకదు. వెళ్తే బతుకు అంతా అదే.

ఇలాంటి పేషెంట్ల కోసం ఆస్పత్రికి ఒక వ్యాన్ ఉండేది. దాన్ని నడిపే పెద్దాయన మోకాళ్లు పోయి మానేశాడు. వ్యాన్ షెడ్డులో దుమ్ము కొట్టుకుపోతోంది. పేషెంట్లు బస్సుల్లో వేలాడుతున్నారు. మెషిన్ దగ్గర నుంచి లేచిన మనిషికి కాళ్లలో బలం ఉండదు. ఒకరోజు అక్క బస్సులో వాంతి చేసుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు జరిగారు, తిట్టారు, ఎవరో పాపం అన్నారు కూడా. అక్క తర్వాతి స్టాపులో దిగిపోయి పేవ్‌మెంటు మీద కూర్చుండిపోయింది. చెల్లెలు వెతుక్కుంటూ వెళ్లేసరికి చీకటి పడుతోంది.

లాండ్రీ వ్యాన్‌లో తీసుకెళ్లొచ్చు కదా అంటే, అదీ అయింది. ఒకే ఒక్కసారి తీసుకెళ్తే పోలీసు ఆపాడు. సరుకుల బండిలో పేషెంట్లేమిటని అడిగాడు. లాండ్రీ యజమాని మర్నాడు తాళం చేతికందకుండా పైన తగిలించాడు. "నీ బాధ నాకు తెలుసమ్మా. పర్మిట్ పోతే ఈ షెడ్డులో ఎంతమంది కడుపు మాడుతుందో అదీ నీకు తెలుసు," అన్నాడు. కోపంగా చెప్పి ఉంటే తిరిగి పోట్లాడేది. మెల్లగా చెప్పాడు.

దుప్పట్లు లెక్క చూసుకునే హెడ్ నర్సు ఒకరోజు తనే కదిపింది. "మా ఆస్పత్రి వ్యాన్ నువ్వే నడపకూడదూ? నీ లైసెన్సు సరుకులకే కదా. దాని మీద మనుషుల్ని ఎక్కించుకోవచ్చని ఎండార్స్‌మెంట్ వేయించుకురా. తాళం నీ చేతిలో పెడతాను."

దాన్నే బస్తా 'మనుషుల ముద్ర' అన్నాడు. వీధి వీధంతా అదే పేరు ఖాయం చేసింది. నువ్వు మనుషుల్ని మోయడానికి పనికొస్తావని గవర్నమెంటు కొట్టే ముద్ర. పేషెంట్లు సంబరపడ్డారు. మెషిన్ దగ్గర నుంచి ఇంటికి నిద్రపోతూ రావడమంటే వాళ్లకి అంతకంటే ఏం కావాలి? అక్కకైతే కాళ్ల నొప్పులతో కంటి మీద కునుకుండదు. మంచం మీద దొర్లి దొర్లి తెల్లారగట్ల గోడకి ఆనుకుని కూర్చునేది. చెల్లెలు లేస్తే, "నువ్వు పడుకో, పొద్దున బండి నడపాలి," అనేది.

లైసెన్సు ఆఫీసులో మొదటి ఇన్‌స్పెక్టరు పెద్ద మీసాల మనిషి. టెస్టు కారులో పక్క సీట్లో కూర్చుని, పెన్ను మూత తీసి, "కానివ్వు," అన్నాడు. కారు గేటు దాటకముందే మీసం ఛాతీ మీద వాలింది. ఆమె నేర్చుకున్నదంతా ఒక్క లోటు లేకుండా చేసి చూపించింది, చూసేవాళ్లు లేకుండా. ఇంజన్ ఆగాక ఆయన లేచి, చేతిలో కాగితం చూసుకుని, నిజంగానే బాధపడ్డాడు.

"నేను చూడలేదమ్మా. చూడకుండా పాసని ఎలా రాయను?"

"పోనీ ఫెయిలని రాయండి సార్. మళ్లీ వస్తాను."

"తప్పు చూడకుండా ఫెయిలని మాత్రం ఎలా రాస్తాను?"

కాగితం ఖాళీగానే లోపలికి వెళ్లింది.

రెండో ఆయన పెద్ద గ్లాసుడు కాఫీ తాగి, గ్లాసు చేత్తో పట్టుకునే ఎక్కాడు. ఆ గ్లాసు ఆయన ఒళ్లో ఒరిగిపోయింది. మూడో ఆవిడ చిన్న వయసు మనిషి, చాలా పట్టుదల మనిషి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వార్తలు పెద్దగా పెట్టుకుంది. కారు తిరిగొచ్చినప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్‌కి వార్తలన్నీ వినిపించాయి, ఆవిడకి తప్ప. ఆ తర్వాత ఇంట్లో పసిపిల్ల పుట్టిన గుమస్తా ఒకడు, తనకి సంబంధం లేకపోయినా, "నేను చూస్తాను, నేను చూస్తాను," అని ముందుకొచ్చాడు. వాడు దేనికొచ్చాడో అందరికీ తెలిసి నవ్వుకున్నారు. డ్రైవరమ్మకి మాత్రం నవ్వు రాలేదు.

"వెనకాల ఇంకో బండిలో వచ్చి చూడకూడదా సార్?" అని ఆఫీసు కిటికీ దగ్గర అడిగింది.

"సరుకుల లైసెన్సుకైతే గ్రౌండులో నిలబడి చూస్తే చాలు. మనుషులకైతే పక్క సీట్లో కూర్చుని చూడాలని రూలు," అన్నాడు కిటికీ గుమస్తా.

"అయితే నాకు ఇవ్వనంటారు."

"ఎవరన్నారు? తిరస్కరించలేదు కదా. పెండింగ్."

"ఎన్నాళ్లు?"

"ఇన్‌స్పెక్టరు మేలుకునేదాకా." అతను హాస్యానికి అనలేదు. అదే నిజం.

అప్పీలు చేసుకోమని ఎవరో సలహా ఇస్తే మేడ మీదికి వెళ్లింది. "ఏ ఆర్డరు మీద అప్పీలు?" అన్నారు పైన. ఇవ్వనందుకు అంది. ఇవ్వనని రాసిన కాగితం తెమ్మన్నారు. కింద, ఇవ్వనని మేమనలేదుగా, కాగితమెలా ఇస్తామన్నారు. కింద నుంచి పైకి, పైనుంచి కిందకి. చెప్పులరిగాయి. లాండ్రీలో ట్రిప్పులు ఆలస్యమై హోటలువాళ్లు గొడవ చేశారు. ఆ మెట్లన్నీ ఎక్కి దిగే బదులు అక్కని వీపున మోసుకుపోయినా ఈపాటికి ఎన్నోసార్లు ఆస్పత్రికి వెళ్లొచ్చేదాన్ని అనిపించి, ఒకరోజు మెట్ల మధ్యలోనే కూర్చుని ఏడ్చింది.

అప్పుడే మెట్లు దిగుతున్న ఒకాయన ఆగాడు. సన్నటి మనిషి, నీటుగా ఇస్త్రీ చేసిన చొక్కా. కళ్లద్దాల వెనక కళ్ల చుట్టూ మసి పూసినట్టు నలుపు. ఏమిటని అడిగాడు. చెప్పింది. ఆయన వెనక్కి తిరిగి పైకెక్కి, అక్కడున్న వాళ్లతో మెల్లగా అన్నాడు. "ఇవ్వకపోవడం కూడా నిర్ణయమే. అప్పీలు తీసుకోండి."

ఆయనే అప్పీలు ఆఫీసరు. ఆయన టేబుల్ మీద ఫైలు ఏదీ మర్నాటికి మిగలదని, ఆయనకి నిద్రన్నది ఉండదని కింద గుమస్తా చెప్పాడు. "మేమంతా అన్నం తిని బతికితే ఆయన ఫైళ్లు తిని బతుకుతాడు," అన్నాడు. ఎందుకలా అంటే మాత్రం, "పోనిద్దూ, ఆయన కష్టం ఆయనది," అని కిటికీ మూసేశాడు.

విచారణ తేదీ వచ్చేలోపే అక్క మొండికేసింది.

"ఇక నేను వెళ్లనే."

"ఎక్కడికి?"

"తెలీనట్టు అడక్కు. ఆ బస్సులు నా వల్ల కాదు. ఇన్నాళ్లు లాగాను, చాలు. నువ్వు కూడా ఆ ఆఫీసు చుట్టూ తిరగడం మానెయ్. నాకోసం నువ్వు ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు."

చెల్లెలు అరిచింది, బతిమాలింది, కంచం విసిరికొట్టింది. అక్క కంచం తీసి కడిగి బోర్లించింది. ఆస్పత్రికి వెళ్లాల్సిన రోజు మంచం మీదే పడుకుంది. మర్నాటికి ముఖం ఉబ్బింది, పడుకుంటే ఊపిరాడక కూర్చునే ఉంది. ఆ మర్నాడే విచారణ.

అప్పీలు గదిలో పొడుగు టేబుల్, ఒక ఫ్యాను. ఆఫీసు తరఫున కిటికీ గుమస్తా లేచి, మేమెవరమూ తిరస్కరించలేదండీ అని చెప్పి కూర్చున్నాడు. ఆఫీసరు ఆమె వైపు చూశాడు. దారిపొడుగునా మనసులో అల్లుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి.

"మా అక్క ఆస్పత్రికి వెళ్లడం మానేసింది సార్. మొన్న వెళ్లలేదు, ఇవాళా వెళ్లనంటోంది. ఆ ముద్ర ఇంకా ఆలస్యమైతే తర్వాత నాకు దాంతో పనే ఉండదు."

ఆఫీసరు టేబుల్ మీద పెన్ను అటూ ఇటూ జరిపాడు.

"నేనే కూర్చుని చూస్తాను. ఇప్పుడే," అన్నాడు. ఆ తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు. "నేను నిద్రపోతే మాత్రం అప్పీలు కొట్టేయాలమ్మా. మరింక నా పైన ఎవరూ లేరు. ముందే చెప్పడం ధర్మం."

ఆమె సరేనని తలూపింది.

కారులో కూర్చున్నాక ఆయన చేసిన పని చూసి ఆమెకి ఒళ్లు మండింది. కళ్లద్దాలు తీశాడు. గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టి, డబ్బా జేబులో పెట్టుకున్నాడు. వంగి బూట్ల తాళ్లు వదులు చేసుకున్నాడు. సీటు వెనక్కి వాల్చి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. పరీక్ష చూడటానికి వచ్చినవాడు కళ్లద్దాలు తీస్తాడా? ఇదీ అయిపోయింది, అనుకుంది. కోపంగా తాళం తిప్పింది.

గేటు దాటింది. వీధి మలుపు తిరిగింది. మార్కెట్ రోడ్డులో బళ్ల మధ్య నుంచి, బడి గంటకి రోడ్డు దాటే పిల్లల కోసం ఆగి, మళ్లీ కదిలింది. పక్కన గురక లేదు. సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడితే ఓరగా చూసింది.

ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి.

జీవితంలో మొదటిసారి పక్క సీట్లో మెలకువగా ఉన్న మనిషి. అక్క ముఖం కళ్ల ముందు మెదిలింది. అద్దం చూసింది, సిగ్నల్ వేసింది, గేరు మార్చింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆపి మళ్లీ కదిలించింది, ఇరుకు సందులో వెనక్కి తీసి పెట్టింది. చూడండి సార్, చూడండి, అని లోపల్లోపల అరుస్తూ అన్నీ చేసింది. టెస్టు దారి అయిపోయింది. ఆఫీసు కనిపిస్తోంది.

"మామూలుగా ఎంతసేపట్లో పడుతుందమ్మా నిద్ర?" అన్నాడు ఆయన.

"వీధి చివరికి చేరేలోపే సార్."

"మనం వీధి చివర దాటామా?"

"ఎప్పుడో దాటేశాం సార్."

"ఇంకొంచెం దూరం పోనిస్తావా?" అన్నాడు. ఆఫీసరు ఆర్డరేసినట్టు లేదది. వీధిలో తల్లులు పిల్లల్ని ఎత్తుకొచ్చి అడిగినట్టుంది.

ఆమె ఆఫీసు గేటు దాటించి పోనిచ్చింది.

"ఆ రోజు నేనే నడిపాను," అన్నాడు ఆయన, ముందు అద్దంలోంచి రోడ్డునే చూస్తూ. "వాన లేదు, మంచు లేదు. రోడ్డు ఖాళీ. వెనక నా భార్య, ఆమె ఒళ్లో పాప. ఇద్దరూ నిద్రపోతున్నారు. నాకూ ఒక్క కునుకు పట్టింది. ఒక్కటే. వాళ్లు మళ్లీ లేవలేదు. నేను మళ్లీ పడుకోలేదు. మందులు మింగాను, ఊళ్లు మారాను. నీ సంగతి కింద గుమస్తాలు చెప్పుకుంటుంటే విన్నాను. విన్న దగ్గర్నుంచి నీ అప్పీలు నా దగ్గరికి ఎప్పుడొస్తుందా అని చూశాను. ఆ మెట్ల మీదికి ఊరికే రాలేదమ్మా నేను."

డ్రైవరమ్మకి కళ్లద్దాలు ఎందుకు తీశాడో అప్పుడు అర్థమైంది.

ముందు రోడ్డు రెండుగా చీలుతుంది. ఎడమకి తిప్పితే చుట్టి మళ్లీ ఆఫీసుకే. కుడికి చెరువు రోడ్డు, గుంతల్లేని రోడ్డు, రెండు పక్కలా నీడ. ఆయన నిద్రపోతే అప్పీలు పోతుంది, అప్పీలు పోతే అక్క పోతుంది. ఆ సంగతి తెలిసే ఆమె కుడికి తిప్పింది. ఎందుకు తిప్పావని తర్వాత బస్తా అడిగితే, "ఏమో బాబాయ్, ఆ మనిషిని అలా చూడలేకపోయాను," అంది.

ఇన్నాళ్లూ ఎవర్నీ నిద్రపుచ్చాలని ఆమె ప్రయత్నించలేదు. దానంతటదే జరిగేది. ఇప్పుడు ప్రయత్నించింది. కిటికీలు ఎత్తేసింది. గేరు మారినట్టు తెలీకుండా మార్చింది. చిన్నప్పుడు అక్క తనని పడుకోబెట్టేటప్పుడు తీసే కూనిరాగం, మాటలు లేనిది, సన్నగా అందుకుంది. పసిపిల్ల ఉన్న తొట్టి తోసినట్టు ఆ కారుని చెరువు చుట్టూ తిప్పింది, మళ్లీ తిప్పింది. పడుకో నాయనా, నా సంగతి పోనీ, కాసేపు పడుకో, అని మనసులో మొక్కింది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు కారాయి. ఆయన కళ్లు తెరిచి, అరచేత్తో తుడుచుకున్నాడు.

"చాలమ్మా. వెనక్కి పోదాం."

బూట్ల తాళ్లు కట్టుకున్నాడు. సీటు నిటారుగా చేసుకున్నాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఆఫీసు దగ్గర ఇంజన్ ఆగాక, ఖాళీగా తిరిగిన ఆ కాగితం మీద వంకర లేని అక్షరాలతో రాసి సంతకం పెట్టాడు.

"మొత్తం చూశాను. ఒక్క తప్పు లేదు," అన్నాడు. కాగితం ఆమెకిచ్చి, తలుపు నెమ్మదిగా వేసి, మేడ మెట్ల వైపు వెళ్లిపోయాడు. గెలిచిన కాగితం చేతిలో పట్టుకుని ఆమె ఆ సీట్లోనే చాలాసేపు కూర్చుంది. సంతోషం ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

ముద్ర పడింది. హెడ్ నర్సు తాళం చేతిలో పెట్టింది. ఆ మధ్యాహ్నమే అక్కని ఇద్దరు పట్టుకుని వ్యాన్ ఎక్కించారు. "ఏదీ, గవర్నమెంటు ముద్ర చూపించు," అంది అక్క ఆయాసపడుతూనే, ఎకసెక్కంగా. చూపించేలోపే వ్యాన్ కదిలింది, అక్క నోరు తెరిచి నిద్రపోయింది. ఎన్నాళ్ల తర్వాతో ఆ కాళ్లు కదలకుండా ఉన్నాయి.

ఆ రోజు నుంచి వ్యాన్ తిరుగుతూనే ఉంది. అందరూ బాగైపోయారని చెప్పను. ఆ జబ్బు తగ్గేది కాదు. వ్యాన్‌లో ఒక సీటు ఖాళీ అవుతుంది, ఏమైందని ఎవరూ అడగరు, కొన్నాళ్లకి కొత్తవాళ్లు వచ్చి కూర్చుంటారు. అక్క ఇంకా తన సీట్లో ఉంది. రేపటి మాట ఎవరు చెప్పగలరు?

ఒకరోజు సాయంత్రం తిరుగు ట్రిప్పులో లైసెన్సు ఆఫీసు ముందు అప్పీలు ఆఫీసరు చెయ్యెత్తాడు. "పక్క సీటు ఖాళీయేనా అమ్మా?" అన్నాడు. ఎక్కి కూర్చుని, కళ్లద్దాలు తీసి డబ్బాలో పెట్టుకున్నాడు. అప్పట్నుంచీ ట్రిప్పు ఉన్న ప్రతి సాయంత్రం అక్కడ నిలబడతాడు. వెనక అందరూ నిద్రలో తలలు వాల్చి ఉంటారు. ముందు ఇద్దరూ మేలుకుని ఉంటారు, మాట్లాడుకోరు. ఒక్కొక్క ఇంటి ముందూ ఆపి, "లేవండి, వచ్చేశాం," అని ఆమె మెల్లగా లేపి దింపుతుంది. అక్కని కూడా దింపేశాక, ఆఖరున ఆయన ఇల్లు.

మొన్న ఆ ఇంటి ముందు ఇంజన్ ఆపితే ఆయన దిగలేదు. కళ్లు తెరుచుకునే ఉన్నాయి, దారంతా తెరుచుకునే ఉన్నాయి, ఆమె చూస్తూనే ఉంది. చీకటిగా ఉన్న తన ఇంటి కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. దిగండి సార్ అనబోయి మానుకుంది. వంగి, అందర్నీ లేపినట్టే ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"లేవండి సార్, వచ్చేశాం."

ఆయన తల తిప్పి ఆమెని చూశాడు. జేబులోంచి కళ్లద్దాలు తీసుకుని పెట్టుకున్నాడు.

"వచ్చేశామా?" అన్నాడు. "బాగా పట్టేసిందమ్మా."

దిగి, తాళం తీసుకుని లోపలికి వెళ్లాడు. కిటికీలో దీపం వెలిగింది. అది తెల్లారేదాకా ఆరదని ఆమెకి తెలుసు. బండి తిప్పుకుని ఇంటికి వెళ్లిపోయింది.